గడప లేని కట్టడం

మా ఊరి పఠన మందిరం అందమైన కట్టడమా కాదా అన్న తగవు ముప్పైల్లో మొదలైంది. ఇప్పటికీ తెగలేదు. నన్నడిగితే అందమైనదే అంటాను. వింటున్నవాళ్ళు నవ్వితే ఇంకోసారి, కొంచెం గట్టిగా అంటాను. మద్రాసులో లా చదివే రోజుల్లో వితంతు వివాహం మీదా, విగ్రహారాధన మీదా, పుట్టుకతో వచ్చే గొప్పతనం మీదా సాయంత్రం సభల్లో వాదించి గొంతు పెంచుకున్నవాణ్ణి నేను. ఆ గొంతు చివరికి ఒక వాకిలి కోసం ఖర్చవుతుందని అప్పుడు అనుకోలేదు.

మా ఊరు కర్నూలుకూ కడపకూ మధ్య, రెండింటికీ కాకుండా పడి ఉంటుంది. ఒక మునసబు కోర్టు, ఒక శెనక్కాయల మిల్లు, ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక మాత్రమే పారే ఒక వంక. నేను ఆ కోర్టులో వకీలును. పఠన మందిరం రాకముందు ఊరికి వచ్చే పత్రికలను పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు గారి ఇంటి అరుగు మీద చదివేవాళ్ళు. ప్రెసిడెంటు శెనక్కాయల వ్యాపారి, మిల్లు ఆయనదే. మంచివాడని పేరు. ఆ పేరు అబద్ధం కాదు. ఎండన పడి ఎవరొచ్చినా మజ్జిగ ఇప్పించేవాడు. అరుగు మీద కూర్చున్నవాళ్ళకు గ్లాసుల్లో, అరుగు కింద వీధిలో నిలబడ్డవాళ్ళకు దోసిట్లో. పత్రిక కూడా అంతే. పైనున్నవాళ్ళు చదివేవాళ్ళు, కిందున్నవాళ్ళు చెవిన పడినంత విని పోయేవాళ్ళు.

కింద నిలబడేవాళ్ళలో ఒకాయన మాలపల్లె బడిలో చదువు చెప్పేవాడు. మా వైపు బడిపంతులును అయ్యవారు అంటారు. ఊరు ఆయన్ను మాత్రం అయ్యవారు అనేది కాదు, ‘మాలపల్లె బడాయన’ అనేది. నేను అయ్యవారూ అని పిలిస్తే మొదట్లో వెనక్కి తిరిగి చూసేవాడు, ఇంకెవరినో అంటున్నానేమోనని. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నోరు మాత్రం సన్నది కాదు. అరుగు మీద ధరలు చదివి పత్రిక మడిచేస్తుంటే, “లోపలి పుట గూడా సదవండప్పా, ఈడ మేము శెనక్కాయలు అమ్మేవాళ్ళం కాదు” అనేవాడు. అరుగు మీద కొందరికి ఆ మాట నచ్చేది కాదు.

జిల్లా బోర్డు మా ఊరికి ఒక పఠన మందిరం ఇచ్చింది. కట్టించడానికి వచ్చిన ఓవర్సీరు కర్నూలు సాయెబు. మాట తెలుగు, తిట్టు ఉర్దూ. బజారుకు ఉత్తరం వైపు ఖాళీగా ఉన్న సర్కారు జాగాలో, ఉన్న ఒక్క రోడ్డుకు ఎదురుగా, ఆయన కట్టిన కట్టడం చూసి ఊరు ఊరంతా నోరు తెరిచింది. మా కొండల్లో దొరికే నల్లరాయి. సున్నం పూత లేదు. గోడలు రెండు మూరల మందం. పైకప్పు బండలే, నేల బండలే. కిటికీలు కప్పు కిందికంటా ఎత్తున. ముందు అరుగు లేదు, మెట్టు లేదు. రోడ్డునే కాస్త ఏటవాలుగా ఎత్తి నేలతో కలిపేశాడు. ఎద్దుల బండి పట్టేంత వాకిలి. ఆ వాకిలికి గడప లేదు.

మా ఇళ్ళల్లో గడప అంటే ఏమిటో ఇది చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. శుక్రవారం పసుపు, కుంకుమ, పిండి ముగ్గు. దాని మీద కూర్చోకూడదు, తుమ్మకూడదు, తొక్కకూడదు. నడక వచ్చిన మొదటి వారంలోనే పిల్లలకు కాలెత్తి దాటడం నేర్పిస్తారు. పలకా బలపం తర్వాతి మాట. అలాంటి ఊళ్ళో గడప లేకుండా వాకిలి కట్టడమంటే మొహానికి పెదవులు పెట్టడం మరిచిపోయినట్టు. ఓవర్సీరు మరిచిపోయాడనే నేనూ అనుకుని అడిగాను. ఆయన తమలపాకు నములుతూ, “వకీల్ సాబ్, గడప యాడ పెడ్తారు? ఇంటికి పెడ్తారు. ఆడిదాకా రోడ్డు, ఈడినుంచి నాది అని చెప్పేదానికి పెడ్తారు. రోడ్డు సర్కారుది, ఇదీ సర్కారుది. సర్కారు జాగాలోంచి సర్కారు జాగాలోకి పోయేదానికి నడుమ గడప ఎందుకప్పా?” అన్నాడు.

నేను విన్న వాస్తుశాస్త్రం మొత్తంలో నాకు అర్థమైన సూత్రం అదొక్కటే.

కట్టడం పూర్తయిన నెలలోనే ఓవర్సీరుకు బదిలీ అయింది. పత్రికలు అరుగు దిగి మందిరంలోకి వచ్చాయి. వాటితో పాటు కింద నిలబడేవాళ్ళూ లోపలికి వచ్చారు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. రోడ్డు లోపలికి పోతుంటే రోడ్డు మీది మనిషి కూడా పోయాడు, అంతే. అయ్యవారు బడి వదిలాక రోజూ వచ్చేవాడు. తూర్పు గోడకు ఆనించిన బెంచీ మీద ఒక చివర కూర్చుని మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివేవాడు. ఆయన పక్కన బెంచీ ఖాళీగా ఉండేది. కొన్నాళ్ళకు ఎవరో చేనేత కుర్రవాడు కూర్చున్నాడు. ఇంకొన్నాళ్ళకు ఆ ఖాళీ అరచేయంత అయింది. ప్రెసిడెంటు గారి అరుగు మీద మజ్జిగ మాత్రం మిగిలిపోతూ వచ్చింది.

అప్పుడు మొదలైంది కట్టడం బాగలేదన్న మాట. అది యముడి దిక్కు చూస్తోందన్నారు. బందెలదొడ్డిలా ఉందన్నారు, ఠాణాలా ఉందన్నారు. చివరికి ‘దిక్కుమాలిన కొట్టం’ అన్న పేరు ఖాయమైంది. జట్కావాడికి పఠన మందిరం అంటే తెలియదు. దిక్కుమాలిన కొట్టం అంటే సరిగ్గా వాకిట్లో దింపేవాడు. అది పగలగొట్టి మరో చోట ‘మంచి కట్టడం’ కట్టాలనీ, కనీసం దీని వాకిలి తిప్పి, మెట్లూ, అరుగూ, గడపా పెట్టి ‘మొహం తెప్పించాలనీ’ పంచాయతీ బోర్డుకు అర్జీ వెళ్ళింది. సంతకాలు పెట్టినవాళ్ళలో నా స్నేహితులూ ఉన్నారు, మద్రాసులో నాతో కలిసి విగ్రహాలను తిట్టినవాళ్ళు. ‘కట్టడం బాగలేదనడానికి సంస్కరణతో పనేమిటి?’ అని వాళ్ళ ప్రశ్న. ఆ అర్జీలో కులం అన్న మాట ఒక్కచోట కూడా లేదు. నేను వెతికాను. అంతా సౌందర్యమే.

ప్రెసిడెంటు న్యాయంగా ఉండాలనుకునే మనిషి. బహిరంగంగా చర్చ పెట్టి ఆ తర్వాత బోర్డులో తీర్మానం చేద్దామన్నాడు. అర్జీ తరఫున మాట్లాడేది మా ఊరి సిద్ధాంతి గారు. ఆయన గడప లేని ఇంట్లోకి రారు కాబట్టి చర్చ మందిరం లోపల కాకుండా దాని ఎదురుగా రోడ్డు మీద పందిరి వేసి పెట్టారు. రోహిణి కార్తె ఎండ. పొద్దు వాలినా నేల సెగలు కక్కుతోంది. ఎదురుగా చల్లటి రాతి గది తెరుచుకుని ఉంటే, అది బాగుందో లేదో తేల్చడానికి ఊరంతా బయట కూర్చుని చెమటలు కార్చింది. ఆ దృశ్యమే నా పక్షాన సగం వాదన అని నా నమ్మకం. ఎదుటిపక్షానికి అది తట్టలేదు.

సిద్ధాంతి గారిని తక్కువ చేసి చెప్పను. చదువుకున్నవాడు, మాట మీద పట్టున్నవాడు, తను నమ్మిందే చెప్పేవాడు. ఆ సాయంత్రం చాలా బాగా మాట్లాడారు. కట్టడానికి మనిషికి మల్లే పాదం, మొండెం, తల ఉండాలన్నారు. దీనికి పాదం లేదు, నేలలోంచి మొలిచినట్టుంది. తల లేదు, ఎవరో నరికినట్టుంది. మిగిలింది మొండెం. “వచ్చినవాణ్ణి ఎదురేగి పిలిచేది మెట్టు. కూర్చోబెట్టేది అరుగు. ఆశీర్వదించి లోపలికి పంపేది గడప. ఈ మూడూ లేని చోటికి మనిషి పోతాడు గానీ, అతిథి పోడు” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నాకూ చేతులు లేచాయి, ఆపుకున్నాను.

నా వంతు వచ్చింది. ఎండ గురించి మొదలుపెట్టాను. రెండు మూరల గోడ పగటి వేడిని లోపలికి రానివ్వదనీ, ఎత్తు కిటికీల్లోంచి వేడిగాలి బయటికి పోతుందనీ, మన ఊరి రాయిని మన ఊరి ఎండకు నిలబెట్టిన కట్టడం ఇదొక్కటేననీ చెప్పాను. సున్నంతో రాతిని కప్పి, ఆ సున్నం మీద రాయిలా గీతలు గీసి మురిసిపోయే ఇళ్ళ గురించి చెప్పాను. ప్రెసిడెంటు గారి కొత్త ఇంటి మీద సున్నపు సింహాలు రెండున్నాయి. వాటిని చూసి వీధికుక్కలు తోకాడిస్తున్నాయన్నాను. అది అనవలసింది కాదని నా స్నేహితులు తర్వాత అన్నారు. నాకు మాత్రం ఇప్పటికీ అనవలసిందేనని ఉంది.

ఆ తర్వాత సిద్ధాంతి గారి మూడు మాటలూ తీసుకున్నాను.

“మెట్టు పిలుస్తుందన్నారు. ఈ ఊళ్ళో మెట్టు ఎవరిని పిలిచిందో చెప్పండి. అరుగు కూర్చోబెడుతుందన్నారు. ఎవరిని కూర్చోబెట్టింది, ఎవరిని కింద నిలబెట్టింది? మీ గుడి మండపాల్లో శిల్పం నేనూ చూశాను. చూసి కళ్ళు చెమర్చాయి. కానీ నేను చూడగలిగాను. ఊరి చివర ఉన్నవానికి ఆ మండపం అంతా కలిసి ఒక ప్రహరీ గోడ. కట్టడం అందాన్ని అది ఎవరిని ఎక్కడ నిలబెడుతుందో చూసి కొలవాలి. ఈ లెక్కన దీనికి మించిన కట్టడం రెండు జిల్లాల్లోనూ లేదు.”

చప్పట్లు నాకూ పడ్డాయి, సిద్ధాంతి గారికి పడినన్ని కాకపోయినా. ప్రెసిడెంటు ముగించబోతుంటే, పందిరి గుంజ దగ్గర నిలబడి ఉన్న అయ్యవారు తనూ మాట్లాడతానన్నాడు. సణుగుడు మొదలైంది. బహిరంగ చర్చ అని దండోరా వేయించింది తనే కాబట్టి ప్రెసిడెంటు కాదనలేకపోయాడు. నేను సంబరపడ్డాను. నా వాదనకు బతికున్న సాక్షి లేచాడనుకున్నాను.

“ఈ కట్టడం బాగలేదు” అన్నాడు అయ్యవారు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పందిరంతా నవ్వు. సిద్ధాంతి గారు కూడా నవ్వారు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. పక్కనున్నాయన మాత్రం నా భుజం తట్టి, “నీ సాచ్చి బాగ చెప్తాండాడప్పా” అన్నాడు.

నవ్వు తగ్గేదాకా ఆగి అయ్యవారు తన మానాన తను చెప్పుకుపోయాడు. కిటికీలు అంత ఎత్తున ఉంటే కూర్చున్నవానికి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. పొద్దు వాలితే పత్రికలో అక్షరం కనపడదు. బెంచీ నడుము విరుస్తుంది. గోడలు చూస్తే, వకీలు సారు ఏమన్నా అనుకోనీ, తనకు ఠాణాయే గుర్తొస్తుంది. అంతా చెప్పి, సిద్ధాంతి గారి వైపు తిరిగాడు.

“సామీ, ఇదంతా నేనెట్ల చెప్తాండా? రోజూ లోపల కూచుంటా కాబట్టి చెప్తాండా. మీరు బయట కూచోని చెప్తాండారు. గుడి శానా బాగుంటాదంటారు. నేను దాని గోడ చూసినా. గోడ బాగుండాది. కోర్టు లోపల ఎట్లుంటాదో నాకు తెల్దు, వసారా తెలుసు. ప్రెసిడెంటు గారి ఇల్లు, అరుగు తెలుసు, అది గూడా కింద నుంచి. ఈ ఊర్లో లోపల కూచోని, బాగలేదు అని చెప్పేదానికి నాకు హక్కుండే కట్టడం ఇదొకటే. దీన్ని పోగొట్టుకోను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కూడా పడలేదు. ఆయన వాదన గెలిచాడని వకీలుగా నాకు తెలిసిపోయింది. రెండు గంటలు నేను రాయి గురించీ గాలి గురించీ చెప్పినదాన్ని ఆయన పక్కన పెట్టేసి, అసలు సంగతి పట్టుకున్నాడు.

కానీ ప్రెసిడెంటు వ్యాపారి. గెలిచినవాడి సరుకే కొని మళ్ళీ వాడికే అమ్మగలడు. లేచి, రెండు పక్షాలూ ఒక మాట మీదికి వచ్చినందుకు సంతోషమన్నాడు. రోజూ వాడేవాడే బాగలేదన్నాడు కదా, బాగు చేద్దాం. పగలగొట్టడం వద్దు, వాకిలి తిప్పడం వద్దు, అరుగూ మెట్లూ కూడా వద్దు. ఇప్పుడున్న వాకిలికే ఒక రాతి గడప పెడదాం. సిద్ధాంతి గారికి తృప్తి, వకీలు గారికి ఆయన వాకిలి. బెంచీలు కూడా మార్పిద్దామన్నాడు. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. నా స్నేహితులు వచ్చి నన్ను అభినందించారు. జానెడు రాయితో సరిపోయింది కదా అన్నారు.

సరిపోలేదు. అయ్యవారి మొహం చూస్తే తెలిసింది, ఆయనకూ అర్థమైందని. సభ అయ్యాక ఇద్దరం వంక దాకా నడిచాం. నాకు కోపంగా ఉంది. బాగలేదన్న మాట ఎందుకన్నారు అయ్యవారూ, మీ మాట పట్టుకునే ఆయన గడప తెచ్చాడన్నాను.

“బాగుందని అబద్ధం చెప్పమంటారా సారూ? బాగుందని చెప్పి మీ అరుగు కింద శానా ఏండ్లు నిలబడినాము. మజ్జిగ బాగుందని గూడా చెప్పినాము.”

నేను మాట మార్చాను. గడప సంగతి అడిగాను. ఆయన ఇసుకలో ఆగి, నెమ్మదిగా చెప్పాడు. రాయి పెట్టిన రోజు ఏమీ కాదు. ఎవరూ వద్దనరు. తర్వాత శుక్రవారం వస్తుంది. ఎవరో ఒక తల్లి దానికి పసుపు పూస్తుంది. ఆ తర్వాత వద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను బోర్డు సభ్యుల ఇళ్ళన్నీ తిరిగాను. గడప అంటే ఏమిటో వాళ్ళకు చెప్పబోతే నన్ను వింతగా చూశారు. రాయంటే రాయే కదయ్యా, మీరే కదా రాయికి మొక్కొద్దనేది, అన్నాడొకాయన. నా మాటే నా మీదికి విసిరినందుకు ఆయనకు ఆనందం. రాయి రాయేనని నేనొక్కణ్ణి నమ్మితే చాలదనీ, వీధి మొత్తం నమ్మాలనీ ఆయనకు చెప్పలేకపోయాను. తీర్మానం నెగ్గింది. వ్యతిరేకంగా ఒక్క చెయ్యి లేచింది, మిల్లు పక్కన సైకిళ్ళు బాగుచేసే సాయెబుది. ఎందుకని అడిగితే, సామాను మోసుకుపోయేవాళ్ళ కాలికి తగులుతుందన్నాడు.

గడప వచ్చింది. మంచి నల్లరాయి, నున్నగా చెక్కింది, అటూ ఇటూ తామరపూలు. నిజం చెప్పాలంటే ఆ కట్టడం మొత్తంలో పనితనం ఉన్న రాయి అదొక్కటే. సోమవారం పెట్టారు. ఆ వారమంతా అయ్యవారు మామూలుగానే దాటి వచ్చాడు, పోయాడు. ఒకరిద్దరు నన్ను చూసి, చూశావా ఏమీ కాలేదు అన్నట్టు తల ఊపారు.

ఆ శుక్రవారం సాయంత్రం నేను కోర్టు నుంచి మందిరానికి వచ్చేసరికి గడప పచ్చగా మెరుస్తోంది. పసుపు తడి ఇంకా ఆరలేదు. కుంకుమ బొట్లు, పిండి ముగ్గు. పూసింది ఆ వీధి ఆడవాళ్ళని తర్వాత తెలిసింది. వాళ్ళను ఎవరూ పంపలేదు. కొత్త గడప బోసిగా ఉందని వాళ్ళకే అనిపించింది. పూసిన చేతుల్లో ద్వేషం లేదు. ద్వేషం ఉంటే నాకు సులువుగా ఉండేది.

అయ్యవారు గడపకు ఇవతల, రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అరుగు కింద నిలబడ్డట్టే. లోపల బెంచీల మీద పదిమందికి తక్కువ లేరు. ఒక పెద్దాయన, చాలా మర్యాదస్తుడు, లేచి పత్రిక తెచ్చి గడప అవతల నుంచి చేయి చాచాడు. “పసుపు పూసినారప్పా. ఈ పొద్దుకు ఆడనే నిలబడి సదువుకో” అన్నాడు. ఆ గొంతులో అధికారం లేదు, బతిమాలుతున్నట్టుంది. అయ్యవారు పత్రిక కోసం చేయి చాచలేదు. గడప వైపే చూస్తున్నాడు.

తర్వాత జరిగినదానికి ఊళ్ళో నాలుగు రకాల కథలున్నాయి. నేను చూసింది ఇది. ఆయన చెప్పులు వీధిలో విడిచాడు. కుడికాలు ఎత్తాడు. దాటుతాడనుకున్నాం, దాటడానికే అందరూ బిగుసుకుని ఉన్నారు. ఆయన దాటలేదు. కాలు గడప మీద పెట్టాడు. రెండో కాలూ పెట్టాడు. పసుపు మీద, ముగ్గు మీద, రెండు పాదాలూ ఆనించి నిటారుగా నిలబడ్డాడు. అప్పుడు పెద్దాయన చేతిలోని పత్రిక అందుకుని, అక్కడే నిలబడి మొదటి పుట పైనుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు, బడిలో పాఠం చెప్పే గొంతుతో. బజారులో నడిచేవాళ్ళు ఆగిపోయారు. మాల కులంవాడు పసుపు గడప దాటడం ఆ ఊరు ఎన్నడైనా ఊహించుకుందేమో గానీ, ఎవరైనా సరే, ఏ కులంవాడైనా సరే, పసుపు గడప తొక్కి నిలబడడం ఊహించుకోలేదు. ఆపడానికి వాళ్ళ దగ్గర మాట లేదు. ఆ మాట తయారయ్యేలోపు ఆయన ఒక పుట పూర్తి చేసి, కిందికి దిగి, లోపలికి నడిచి తన బెంచీ చివర కూర్చున్నాడు. నల్లబండల మీద వరసగా పచ్చటి అడుగులు.

నా వంతు. వీధి వీధంతా నన్ను చూస్తోంది. నేను చెప్పులు విడిచి నడిచాను. గడప దగ్గరికి రాగానే నా కాలు దానంతట అది పైకి లేచి, పసుపుకు తగలకుండా, ముగ్గుకు తగలకుండా, చక్కగా దాటి అవతల పడింది. నేను లోపల ఉన్నాను, నా పాదాలు శుభ్రంగా ఉన్నాయి.

అయ్యవారు పత్రిక మీది నుంచి తల ఎత్తి చూశాడు. “సారూ, మీ కాలు ఇంగా మీ ఇంట్లోనే ఉండాది” అన్నాడు.

లోపలున్నవాళ్ళు నవ్వారు. ఆ సాయంత్రం ఆ గదిలో అదే మొదటి నవ్వు. నేనూ నవ్వాను. వెనక్కి తిరిగి, బయటికి పోయి, మళ్ళీ వచ్చాను. ఈసారి కాలిని కళ్ళతో చూస్తూ, దూడను దొడ్లోకి తోసినట్టు తోసి, గడప మీద పెట్టాను. చల్లగా, జిగటగా తగిలింది. ఆ జిగట ఇప్పటికీ నా అరికాలికి తెలుసు. నా వెనక సైకిళ్ళ సాయెబు వచ్చాడు. ఆ తర్వాత ఆ చేనేత కుర్రవాడు, కళ్ళు గట్టిగా మూసుకుని.

దాని పర్యవసానాలు తేలికైనవి కావు. మిల్లులో మాలపల్లె వాళ్ళను కొన్నాళ్ళు పనికి పిలవలేదు. పల్లె పెద్దలు అయ్యవారిని నిలబెట్టి తిట్టారు. నీ పత్రిక కోసం మా పిల్లలు పస్తులుండల్లనా అన్నారు. ఆయన పడ్డాడు. ఆ రోజుల్లో బక్కమనిషి ఇంకా బక్కచిక్కాడు, రావడం మాత్రం మానలేదు. సబ్-ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు వెళ్తే, గడప తొక్కడం ఏ సెక్షను కిందికి వస్తుందో ఆయన నన్నే అడిగాడు. వకీలుగా నాకు దొరికిన మంచి ప్రశ్నల్లో అదొకటి. కొత్త పంట దిగాక మిల్లుకు చేతులు కావలసి వచ్చాయి, పిలుపు మళ్ళీ వచ్చింది. ఈలోగా మేము ఆ గడపను దాటడం అన్నదే మానేశాం. తొక్కే వెళ్ళేవాళ్ళం, తొక్కే వచ్చేవాళ్ళం. ఇంకో రెండు శుక్రవారాలు పసుపు పడింది. అందరి కాళ్ళూ పడే రాయికి పసుపు ఎందుకని ఆడవాళ్ళకే తోచినట్టుంది, మానేశారు. తామరపూలు ఇప్పుడు అరిగిపోయాయి. సిద్ధాంతి గారు ఉన్నన్నాళ్ళూ దాన్ని అపచారం అనే అన్నారు. నేను ఉన్నన్నాళ్ళూ దాన్ని వాస్తు అనే అంటాను.

ఆ శుక్రవారం నేను ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. మా అమ్మ అప్పటికి ఉంది. మా ఇంటి గడపకూ పసుపు పూసి, పక్కనే కూర్చుని ముగ్గు సరిదిద్దుతోంది. నేను కాలెత్తి ఆమె గడపను దాటాను, తగలకుండా. అది ఆమె ఇల్లు. ఆ రాయి మీద ఆమెకు హక్కుంది. అందులో నాకు సిగ్గు లేదు. ఎత్తిన కాలి అడుగున పచ్చదనం దీపం వెలుగులో ఆమె కంటపడింది. చేతిలో పిండి చేతిలోనే ఆగిపోయింది.

“ఎవరి గడప తొక్కి వచ్చినావురా?” అంది.

“ఎవరిదీ కాదమ్మా. ఎవరిదీ కాదు కాబట్టే తొక్కినా” అన్నాను.